దాటేసిన అధ్యాయం

ఆ ఆదివారం ఉదయం ముందుగదిలో ఉన్నవారు వరసగా వీరు: కిటికీకి వీపు పెట్టి, చేతులున్న కుర్చీలో, విశ్రాంత ఆంగ్లాచార్యుడూ వారపత్రికలో కొత్త నవలల సమీక్షకుడూ అయిన ఇంటి యజమాని, ఆయనకు ఎదురుగా, సోఫా అంచున, ఏ క్షణాన్నయినా లేచి వెళ్లిపోయేవాడిలా, ఆ పత్రిక సంపాదకుడు, ఆ సోఫాలో మిగిలిన భాగాన్నంతా ఆక్రమించి, ఇంటి ఇల్లాలు, భోజనాల బల్ల దగ్గర కుర్చీని ఇటువైపు తిప్పుకుని, కొడుకు, అందరికన్నా చివర, గదిలోనూ కాక బయటా కాక, వంటింటి గుమ్మానికి ఆనుకుని, కోడలు. నడిమి బల్ల మీద ఒక కొత్త పుస్తకం ఉంది. తెచ్చినవాడు సంపాదకుడు. దానివైపు ఒక్కసారి కూడా చూడనిది కోడలు.

"ఈ పుస్తకం రాసినావిడకి మీ సమీక్ష మీద కోపం లేదు మాస్టారూ," అన్నాడు సంపాదకుడు. "కోపం వస్తే నాకు హాయిగా ఉండేది. పత్రికాఫీసుకి కోపాలు కొత్తా? ఆవిడ ఫోన్ చేసి ఏమందో తెలుసా? ‘సార్‌కి పంపిన కాపీలో ఒక అధ్యాయం పడిపోయినట్టుందండీ, బైండింగులో పొరపాటేమో, ఇంకో కాపీ ఇస్తాను, అందజేస్తారా’ అంది. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనట. నాతో మాట్లాడుతూనే మధ్యమధ్య ‘కూర్చోండి, పిలుస్తారు’ అంటోంది. ఎవరికి చెబుతోందో తెలీక నేను రెండుసార్లు కూర్చున్నాను."

ఎవరూ నవ్వలేదు.

ఆచార్యులవారు గడ్డం కింద వేళ్లు ఆన్చి, కళ్లద్దాల వెనకనుంచి పుస్తకం ఉన్న దిక్కుకు గంభీరంగా ముఖం తిప్పారు. ఆ కళ్లద్దాలు ఇప్పుడు కేవలం అలంకారం. వెలుగు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది. అక్షరం మాత్రం కళ్లకు దొరకడం మానేసి చాలాకాలమైంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, బయట ఎవరికీ తెలియదు. కోడలు ప్రతి నవలనూ బిగ్గరగా చదువుతుంది, ఆయన వింటారు, తర్వాత ఆయన చెబుతుంటే ఆమె రాస్తుంది. ఆ చేతిరాత చక్కదనాన్ని సంపాదకుడు ఆయనదిగానే భావించి, ఒకటి రెండు సభల్లో మెచ్చుకున్నాడు కూడా.

"మీరు రాసిన వాక్యం నాకింకా గుర్తుంది," అన్నాడు సంపాదకుడు.

ఆయనకు గుర్తుండకపోవడమా! కామాతో సహా కంఠతా వచ్చు. ‘అలిగి పడుకున్న ఇల్లాలు పుట తిప్పేసరికి పెట్టె సర్దుకుని వీధి గుమ్మంలో నిలబడుతుంది. ఈ రెంటి నడుమ ఏమి జరిగిందో రాయడానికి రచయిత్రికి ధైర్యం చాలలేదు. ధైర్యం చాలనివారు నవల జోలికి రాకూడదు.’

"ఆ నడుమ జరిగిందంతా ఇందులో ఉంది మాస్టారూ. ‘అడగని మాట’ అని అధ్యాయం పేరు. నేను నిన్ననే చదివాను. చూడండి, ఇదిగో." సంపాదకుడు పుస్తకం తెరిచి, ఆయన చేతికి ఇవ్వబోయాడు.

"అక్కడ ఉంచండి," అన్నారు ఆచార్యులవారు. "పదిమందిలో చదివే అలవాటు నాకు లేదు. తీరికగా చూస్తాను."

గుమ్మం దగ్గర గాజుల చప్పుడు వినిపించి ఆగిపోయింది.

"చూద్దురుగాని. ఈలోగా ఒక దారి ఉంది," సంపాదకుడు గొంతు తగ్గించాడు. "‘మాకు అందిన ప్రతిలో ఒక ఫారం లోపించినందున’ అని రెండు వాక్యాలు వేసేద్దాం. మీకూ మాట రాదు, పత్రికకీ రాదు."

"ఫారం అంటే ఏంటి బాబూ?" అంది ఇల్లాలు.

"అచ్చయిన పెద్ద కాగితాన్ని మడిస్తే కొన్ని పేజీల కట్ట అవుతుంది కదమ్మా, అదే ఫారం. అవన్నీ వరసగా పెట్టి కుడితే పుస్తకం. ఒకటి జారిపోవడం మామూలే."

"జారిపోయిందా మరి?"

సంపాదకుడు ఆచార్యులవారి వైపు చూశాడు. ఆచార్యులవారు ఎవరివైపూ చూడలేదు.

"అలా వేస్తే పుస్తకానికేమవుతుంది?" అన్నారు ఆయన.

"ఏముంది... ప్రచురణకర్త చిన్నవాడు. మీ సమీక్ష చూడగానే మిగతా ఫారాలు బైండింగుకి పంపకుండా ఆపేశాడు. ఫారం పడిపోయిందని అచ్చులో వస్తే షాపుల్లో ఉన్నవి కూడా వెనక్కి తెప్పించేస్తానంటున్నాడు. మళ్లీ వెయ్యడం కల్ల. ఫర్వాలేదు లెండి, చిన్నపిల్ల, ఇంకోటి రాసుకుంటుంది." లేచి నిలబడ్డాడు. "సాయంత్రానికి పేజీ అచ్చుకి వదలాలి మాస్టారూ. మీరు ఊఁ అంటే చాలు, నేనే రాసేసుకుంటాను."

ఆంగ్ల వ్యాకరణంలో అనుమానం వస్తే ఏళ్ల తరబడి ఊళ్లోవారంతా ఎవరి తీర్పు కోసం వచ్చేవారో, ఆ మనిషి గొంతులోనుంచి నిలువెత్తు అబద్ధం ఒకే ఒక అక్షరంగా బయటికి వచ్చింది.

"ఊఁ."

*

సంపాదకుడి చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయేదాకా ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. తర్వాత అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు.

"అసలు పేజీలు ఎందుకు ఎగరగొట్టావు?" కొడుకు భార్య మీదికి లేచాడు. "ఎవరడిగారు నిన్ను? చదవమంటే చదవాలి. లేదా చదవనని చెప్పాలి."

"నా తప్పే," అంది కోడలు.

"తప్పే అంటే సరిపోయిందా? నాన్నగారి పరువేం కావాలి? పైగా ఆయన చెప్పింది చెప్పినట్టు కూర్చుని రాసిచ్చావు! నీకు తెలుసు కదా, మధ్యలో ఏముందో!"

"తెలుసు."

"తెలిసి?"

కొడుకు రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, దించాడు. ఆ ఇంట్లో మగవారు ఓడిపోయినప్పుడు చేసే పని అది.

"ఆపరా! దానిమీద ఎగురుతావేం?" అంది తల్లి. "ఆడదాని గొంతుతో మావగారి ముందు చదివే రాతలుంటాయి, చదవలేని రాతలుంటాయి. అందులో ఏం రాసి ఉందో నేను చూడకుండానే చెప్పగలను. అంత మొహమాటమైతే నాకిచ్చి ఉంటే సరిపోయేది కదే పిల్లా! నాకేం సిగ్గు? ఈ వయసులో!"

"నువ్వా?" అన్నారు ఆచార్యులవారు, అప్రయత్నంగా. "నువ్వు చదివితే నవల నడవదు. కథానాయకుడు గడపలో కాలు పెట్టగానే ‘వీడి మొహం చూడు’ అంటావు. ఆ తర్వాత వాడేం చేసినా నాకు వాడి మొహమే కనపడుతుంది."

"అంటే అన్నాను. మీరు మాత్రం రాసేదేంటి? ఆ మాటనే సాగదీసి రెండు కాలమ్‌లు నింపుతారు."

"పోనీ వీడు చదివినా సరిపోయేది," అంది మళ్లీ, కొడుకును చూపిస్తూ.

"వీడు చదివితే రైల్వేస్టేషన్‌లో ప్రకటన విన్నట్టుంటుంది. కథానాయిక చనిపోయిందా, రెండో ప్లాట్‌ఫారం మీదికి వచ్చిందా తెలియదు."

ఇంకో రోజయితే ఈ మాటకు కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వు వినిపించలేదు. ఆచార్యులవారికి తన హాస్యం మీద తనకే వెగటు పుట్టింది. మాటలు ఇలా నోటినిండా దొరుకుతున్నాయి గాని, చెప్పవలసిన మాట ఒక్కటి మాత్రం పొద్దుటినుంచీ నాలుక కింద దాక్కుని ఉంది.

ఆయనకు పుటల చప్పుడు తెలుసు. చూపు పోయిన తర్వాత చెవి ఆ పని నేర్చుకుంది. కోడలు పుట తిప్పేటప్పుడు చూపుడువేలితో కింద మూలను కాస్త లేపి తిప్పుతుంది. చిన్న గాలి చప్పుడు, వెంటనే ఆమె గొంతు. ఆ మధ్యాహ్నం మాత్రం గొంతు ఒక వాక్యం చివర ఆగింది. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత పుటలు కట్టగా తిరిగాయి. గొంతు మళ్లీ మొదలైనప్పుడు కాస్త పైస్థాయిలో, కాస్త వేగంగా మొదలైంది. ఆయన విన్నారు. ఏదో పడకటింటి వ్యవహారమై ఉంటుందని ఊహించారు. అడిగితే ఆమె చెప్పవలసి వస్తుంది, చెబితే తాను వినవలసి వస్తుంది. అందుకని, మర్యాద అనే పేరు పెట్టి, ఊరుకున్నారు.

అంతవరకే అయితే మర్యాదే. కాని మర్నాడు సమీక్ష చెప్పేటప్పుడు, ఆ ఖాళీ ఆయనకు బాగా పనికివచ్చింది. ‘ధైర్యం చాలనివారు’ అన్న వాక్యం ఎక్కడినుంచో నిండుగా, గుండ్రంగా, తూకం తప్పకుండా వచ్చి నాలుక మీద కూర్చుంది. అది అబద్ధం కావచ్చునని ఆయనకు ఆ క్షణాన తెలుసు. వాక్యం బాగా కుదిరింది, వదులుకోబుద్ధి కాలేదు. అంతే జరిగింది.

"నాకు తెలుసు," అన్నారు ఆయన.

"ఏం తెలుసు?" అంది భార్య.

"అమ్మాయి పుటలు దాటేసిన సంగతి. ఆ రోజే తెలుసు. చప్పుడు విన్నాను."

కోడలు గుమ్మం వదిలి రెండడుగులు లోపలికి వచ్చింది. ఆమె ఆకారం వెలుగులోకి రావడం ఆయన చూడగలిగారు, ముఖం చూడలేకపోయారు. అది దేవుడు చేసిన మేలని కూడా అనుకున్నారు.

"విన్నారా మావయ్యగారూ?"

"విన్నానమ్మా."

"విని... ఆ వాక్యం చెప్పారా?"

ఆయన తల ఊపారు.

"నేను రాస్తూ ఉన్నాను," అంది ఆమె. గొంతులో కోపం లేదు. లెక్క తప్పినచోట వెనక్కి వెళ్లి వెతుక్కుంటున్న మనిషి గొంతులా ఉంది. "మీకు తెలీక అంటున్నారు కదా అనుకుని రాశాను. తెలీనివాళ్ల మాట కదా, ఆ పాపం నాదొక్కదానిదేలే అనుకున్నాను. వారం రోజులుగా ఆవిడెవరో నాకు కల్లోకొస్తోంది మావయ్యగారూ. మీకు తెలుసని తెలిస్తే కలం కింద పెట్టేసేదాన్ని."

కుర్చీ చేతి మీద ఆయన వేళ్లు ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి. క్షమాపణకు ఆంగ్లంలో ఎన్ని స్థాయిలున్నాయో, ఏ స్థాయికి ఏ క్రియ వాడాలో ఆయన ఒక తరానికి పాఠం చెప్పారు. కొడుకు భార్యకు చెప్పుకునే మాట ఒక్కటీ తట్టలేదు.

"పుస్తకం మీ అత్తయ్యకి ఇవ్వమ్మా," అన్నారు చివరికి. "ఆ అధ్యాయం తను చదువుతుంది. మొహం, గిహం అని ఎన్ని అన్నా సరే, వింటాను. విన్న తర్వాత ఏం చేయాలో చూద్దాం."

"వద్దు," అంది కోడలు. "నేను చదువుతాను."

"నాకు కొంచెం పనుంది," అని కొడుకు లేచాడు.

"కూర్చోండి."

ఆ ఇంట్లో కోడలు ఆ స్వరంతో ఆ మాట అనడం ఎవరూ ఎరగరు. కొడుకు కూర్చున్నాడు. దేనిమీద కూర్చున్నాడో కూడా చూసుకోలేదు. భోజనాల బల్ల దగ్గరి కుర్చీ కాదు, తండ్రి పక్కనున్న పీట.

*

ఆమె చదివింది.

ఆచార్యులవారు తలవంచుకుని, చెవులు గట్టి చేసుకుని, తాను ఊహించిన దానికోసం ఎదురుచూశారు. ఆయన ఊహించినదేదీ అందులో లేదు. వినకూడని పదం ఒక్కటి లేదు. ఒక ఇల్లాలు మంచం పక్కన నేల మీద కూర్చుని, నిద్రపోతున్న భర్త వీపును చూస్తూ, తనలో తాను మాట్లాడుకుంటోంది. భర్త దుర్మార్గుడు కాడు. తాగడు, కొట్టడు, గొంతు పెంచడు.

‘కిటికీ మూయనా అని అడిగేవాడు,’ అని చదువుతోంది కోడలు. ‘మంచినీళ్లు తెచ్చిపెట్టనా అని అడిగేవాడు. దీపం ఆర్పనా అని కూడా అడిగేవాడు. ఆర్పిన తర్వాత మాత్రం ఏదీ అడిగేవాడు కాదు. నీకు ఇష్టమేనా అన్న రెండు మాటలకి ఆ చీకట్లో చోటు లేకపోయింది. ఇన్నేళ్లలో ఒక్కసారి అడిగి ఉంటే, కాదని చెప్పినా, ఈ ఇంట్లో ఉండిపోయేదాన్ని.’

గొంతు పైకి పోలేదు, కిందికి దిగలేదు. పుటలు ఒక్కొక్కటే తిరిగాయి. ప్రతి పుటకూ ఆ చిన్న గాలి చప్పుడు. పేరాకొక తీర్పు చెప్పే అత్తగారు నోరు విప్పలేదు. ఒకచోట మాత్రం ఆమె దీర్ఘంగా ఊపిరి వదిలింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ ఊపిరి ఆచార్యులవారు ఎన్నిసార్లు విన్నారో! ఎప్పుడూ దానిని ఉక్కపోతకే జమకట్టారు. ఇప్పుడు భార్యవైపు ముఖం తిప్పడానికి ఆయనకు భయం వేసింది.

చివరి వాక్యం అయిపోయింది. పుస్తకం మూసిన చప్పుడయింది.

కొడుకు అడిగాడు: "ఇదంతా... అందులో ఉన్నదేనా?"

కోడలు లేచి, పుస్తకం అతని చేతిలో పెట్టింది. "చూసుకోండి."

అతను చూడలేదు. ఆ పుస్తకాన్ని, వేడి పాత్ర పట్టుకున్నవాడిలా, ఎక్కడ దించాలో తెలియక పట్టుకుని కూర్చున్నాడు.

"సిగ్గుపడి దాటేశాననుకున్నారు కదా మావయ్యగారూ?" అంది ఆమె. "సిగ్గు కాదు. ఇది నా గొంతుతో వస్తే మీకు పుస్తకంలా వినపడదేమోనని."

ఆ మాట అని ఆమె లోపలికి వెళ్లింది. గది తలుపు గట్టిగా వేయలేదు. గొళ్లెం మాత్రం పెట్టుకుంది.

అత్తగారు లేచి, ఖాళీ టీ కప్పులన్నీ పళ్లెంలో పెట్టి, పళ్లెం మళ్లీ బల్ల మీదే పెట్టేసి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

*

"నేను మాట్లాడుతున్నాను," అన్నారు ఆచార్యులవారు ఫోనులో. కొడుకు అంకెలు నొక్కి చేతికిచ్చాడు.

"చెప్పండి మాస్టారూ! రాసేశాను, వినిపించమంటారా?"

"అది చింపేయండి. నాకందిన ప్రతిలో ఏ ఫారమూ పడిపోలేదు. అన్నీ ఉన్నాయి."

"మాస్టారూ, సర్దుకున్నదాన్ని ఎందుకు మళ్లీ..."

"నాకు అక్షరాలు కనపడవు. ఇప్పుడు కాదు, చాలాకాలం నుంచి. నేను చదవలేదు, విన్నాను. అందులో ఒక భాగం వినలేదు. వినలేదని తెలిసీ రాశాను."

"కనపడవా!" సంపాదకుడి గొంతులో ఆశ్చర్యం తగ్గి ఆందోళన మొదలైంది. "మరి ఇన్నాళ్లూ... అయ్యో, అలా అచ్చులో ఎలా వేస్తాం? చదవకుండా సమీక్షలు రాయించారని నన్ను వీధిలో నిలబెడతారు. మీ శీర్షిక ఉంటుందా?"

"ఉండకపోవచ్చు. ఆ పిల్ల పుస్తకం ఉండాలి."

"పంపండి," అన్నాడు సంపాదకుడు చివరికి, నీళ్లు నములుతూ. "చూస్తాను. వేస్తానని మాత్రం మాట ఇవ్వలేను."

ఫోను పెట్టేసి, ఆయన అలవాటుగా, "రాయమ్మా," అన్నారు. గొళ్లెం పెట్టిన తలుపు గుర్తుకు వచ్చి ఆగిపోయారు.

"నేను రాస్తాను నాన్నా," అన్నాడు కొడుకు.

కాగితం పరిచిన చప్పుడయింది. ఆయన మెల్లగా, ఒక్కొక్క మాటా తూచి చెప్పారు. కొడుకు రాశాడు. ఒకచోట కలం ఆగింది.

"తను దాటేసిందన్న సంగతి రాయాలా?"

"రాయకు. దాటిన చప్పుడు విని ఊరుకున్నవాణ్ణి నేను. తప్పు నా పేరన ఉంటుంది. చదివిన సంగతి రాయి."

కలం మళ్లీ కదిలింది. ముగిసిన తర్వాత కొడుకు సంతకం కోసం కలం ఆయన వేళ్ల మధ్య పెట్టబోయాడు. ఆయన తీసుకోలేదు.

"ఇందులో నీ భార్య ప్రస్తావన ఉంది. తను వద్దంటే ఈ కాగితం ఇల్లు దాటదు. వెళ్లి అడిగి రా."

"నేనా?"

"ఇంకెవరు?"

కొడుకు లేచాడు. కాగితం చేత్తో పట్టుకుని, నడవ దాటి, తన గది ముందు నిలబడ్డాడు. తలుపు తట్టే చప్పుడు కోసం ముందుగదిలో తండ్రి, వంటింట్లో తల్లి, ఒకరికొకరు కనపడకుండా, చెవులు ఒగ్గి ఉన్నారు. ఆ చప్పుడు ఇంకా వినిపించలేదు. అతని చేతిలోని కాగితం మీద ఉన్నది ఇది:

‘గతవారం ఈ శీర్షికలో ఒక తొలి నవల గురించి నేను రాసినది తప్పు. ధైర్యం చాలనిది రచయిత్రికి కాదు, నాకు. ఆ నవలలోని "అడగని మాట" అనే అధ్యాయాన్ని వినకుండానే, వినలేదని తెలిసి కూడా, తీర్పు చెప్పాను. చాలాకాలంగా నాకు అక్షరాలు కనిపించవు. ఈ శీర్షికలో ప్రస్తావనకు వచ్చిన నవలలను నాకు చదివి వినిపిస్తున్నది నా కోడలు. పై అధ్యాయాన్ని కూడా ఆదివారం ఉదయం, ఇంటిల్లిపాది ఎదుట, ఒక్క మాట వదలకుండా, గొంతు వణకకుండా చదివినది ఆమె. ఆ పని చేయడానికి ఎంత ధైర్యం కావాలో ఆ గదిలో ఉన్న మాకు తెలుసు. ఆ ఘనత పూర్తిగా ఆమెదేనని ఇందుమూలంగా అంగీకరిస్తున్నాను.’